మేకంత శాకాహార డైనోసార్లు ఉండేవా? దొరికినవి పెద్దవాటి పిల్లలు కావని ఎలా తెలుస్తుంది?

మాస్టారూ, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే భారీ శాకాహార డైనోసార్ అస్థిపంజరం కింద నిలబడి మీ ఏడో తరగతి అమ్మాయి వరసపెట్టి అడిగిన నాలుగు ప్రశ్నలూ మీ ఉత్తరంలో చదివాను. "ఆకులు తినేవన్నీ ఇంత పెద్దవేనా సార్? మేకంతవి లేవా? ఉంటే వాటి ఎముకలేవి? చిన్న ఎముకలు దొరికినా, అవి పెద్దవాటి పిల్లలవేమో కదా?" కనుక్కుని చెప్తానని అప్పటికి తప్పించుకున్నానన్నారు. తప్పేం లేదు. ఆ నాలుగో ప్రశ్న దగ్గర పందొమ్మిదో శతాబ్దపు మహామహులే బోల్తా పడ్డారు.

ఉండేవి. మేకంతవే కాదు, కోడికన్నా తేలికైనవి కూడా ఉండేవి. వాటి ఎముకలు, పళ్ళు, కడుపులో మింగిన రాళ్ళు, చివరికి తవ్వుకున్న బొరియ కూడా దొరికింది. నేను పాతికేళ్ళుగా జల్లెడ పట్టిన మట్టిలో సూక్ష్మ శిలాజాలు ఏరే పనిలో ఉన్నాను. డైనోసార్ అంటే నా మట్టుకు కొండంత జంతువు కాదు, తడి కుంచె కొసకి అంటుకుని వచ్చే పన్ను. కాబట్టి నా మాటల్లో చిన్నవాటి మీద కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

నాలుగో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి ఉంది. 1849లో అక్కడి సముద్రపు గట్టున, కౌలీజ్ చైన్ దగ్గర ఒక రాతి దిమ్మ దొరికింది. దాంట్లో ఒక చిన్న జంతువు ఎముకలున్నాయి. దిమ్మ రెండు ముక్కలై, శిలాజాలు సేకరించే గిడియన్ మాంటెల్ చేతికి ఒకటి, జేమ్స్ బోవర్‌బ్యాంక్ చేతికి ఇంకోటి చేరాయి. శాకాహార డైనోసార్ అంటే అప్పట్లో అందరికీ గుర్తొచ్చేది ఇగ్వానోడాన్, తొమ్మిది పది మీటర్ల జంతువు. "డైనోసార్" అన్న పేరు పెట్టిన రిచర్డ్ ఓవెన్ 1855లో ఈ ఎముకల్ని పిల్ల ఇగ్వానోడాన్‌వి అని రాసేశాడు. పెద్దదాని ఎముకలు అదే దీవిలో దొరుకుతున్నాయి, పోలికలు కలుస్తున్నాయి, ఇది చిన్నగా ఉంది, ఇంకేం కావాలి? అచ్చంగా మీ అమ్మాయి వేసిన లెక్కే.

ఆ దీవిలోనే విలియం ఫాక్స్ అనే చర్చి ఫాదర్ ఉండేవాడు. ఎముకలు ఏరడం ఆయన పిచ్చి. 1868లో అదే ప్రాంతంలో ఆయనకి ఒక పుర్రె దొరికింది. థామస్ హక్స్‌లీ అనే శాస్త్రవేత్త ఆ పుర్రెతో పాటు వచ్చిన వెన్నుపూసల్ని పాత దిమ్మలోని పూసల పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. పుర్రెలో పళ్ళు మాత్రం ఇగ్వానోడాన్ పళ్ళు కావు. 1869లో ఇది వేరే జంతువని ప్రకటించి, ఫాక్స్ పేరు కలిపి హిప్సిలోఫోడాన్ ఫాక్సీ అన్నాడు. ఇవాళ మనం ఆ పుర్రె చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి పై దవడ ముందు కొసన పళ్ళున్నాయి. ఇగ్వానోడాన్‌కి అక్కడ పళ్ళు లేవు, పక్షికున్నట్టు ఉత్త ముక్కే. పెరిగేకొద్దీ పళ్ళ ఆకారం కాస్త మారడం వేరు, ఎముకలో పళ్ళ గుంటలతో సహా మాయమైపోవడం వేరు.

హిప్సిలోఫోడాన్ దాదాపు రెండు మీటర్ల పొడవు, అందులో సగం తోకే. బరువు ఇరవై కిలోల అటూ ఇటూ అని అంచనా. అంటే ఎదుగుతున్న మేకపోతంత. ఆ గట్టులో మీటరు మందాన, కిలోమీటరుకు పైగా సాగే ఒకే ఒక్క పొరలోంచి సుమారు వంద జంతువుల అవశేషాలు వచ్చాయని లెక్క. వాటిలో ఒక్కటీ ఇగ్వానోడాన్ కాలేదు. వంద పిల్లలు చచ్చి, ఒక్కటీ పెరగని జాతి ఉండదు కదా.

ఇంత తేటగా తేలాక కూడా దీన్ని సవ్యంగా ఉండనివ్వలేదు. 1912లో ఓథెనియో ఆబెల్ అనే ఆస్ట్రియన్ శాస్త్రవేత్త దీని కాలి మొదటి వేలు కొమ్మని పట్టుకునేలా వెనక్కి తిరిగి ఉందనుకుని, ఇది చెట్లెక్కేదన్నాడు. కొన్ని దశాబ్దాల పాటు పుస్తకాల బొమ్మల్లో పాపం అది కొమ్మల మీదే కూర్చుంది. 1971లో పీటర్ గాల్టన్ ఆ ఎముకలు మళ్ళీ చూసి, వేలు అలా తిరగదని, తోకలో గట్టిపడ్డ స్నాయువులు నేల మీద పరిగెత్తే జంతువుకు సరిపోతాయని చూపించాక కిందికి దిగింది.

ఇక వయసు సంగతి. సంతలో ఎద్దుని కొనేటప్పుడు మూతి తెరిచి రెండు పళ్ళా, నాలుగు పళ్ళా అని చూస్తాం. డైనోసార్ల దగ్గర ఆ విద్య పనికిరాదు. వాటికి బతికినన్నాళ్ళూ పాత పళ్ళు ఊడి కొత్తవి వస్తూనే ఉంటాయి. కాబట్టి వేరేచోట్ల చూస్తాం. వెన్నుపూసలో కింద దిమ్మ, మీద కమాను అని రెండు భాగాలుంటాయి. పిల్లల్లో వాటి మధ్య అతుకు గీత కనిపిస్తుంది, చచ్చాక విడిపోతాయి కూడా. పెరిగిన జంతువుల్లో అవి కలిసిపోతాయి. ఈ కలవడం అన్ని జాతుల్లో ఒకే వయసులో జరగదు కాబట్టి నేనైతే దీని మీద ఒక్కదాని మీదే పందెం కాయను.

నమ్మదగింది ఎముకని కోసి చూడటం. తొడ ఎముకలోంచి పల్చటి బిళ్ళ కోసి, గాజు పలకకి అతికించి, వెలుతురు దాంట్లోంచి దూరేదాకా అరగదీస్తారు. సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనిపిస్తాయి. ఏడాదికొకసారి పెరుగుదల నిలిచినప్పుడు పడ్డ గీతలవి. పిల్ల ఎముకైతే రక్తనాళాల దారులతో గుల్లగుల్లగా, ఆదరాబాదరాగా కట్టిన గోడలా ఉంటుంది. పెరుగుదల మందగించిన జంతువుకి బయటి అంచున గీతలు దగ్గరదగ్గరగా ముడుచుకుంటాయి.

ఈ పరీక్షలో నాకు బాగా నచ్చిన కేసు ఫ్రూటాడెన్స్, ఆకులతో పాటు పురుగుల్నీ తినేదని అంచనా ఉన్న చిన్న డైనోసార్. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు ఫ్రూటా ఊరి దగ్గర, సుమారు 15 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో దొరికిన దవడ ముక్కలు, కాళ్ళ ఎముకలు. జార్జ్ కాలిసన్ బృందాలు తవ్వి తీశాక ఏళ్ళ తరబడి మ్యూజియం సొరుగులో ఉండి, 2010లో పేరు పెట్టించుకున్నాయి. బ్రాకియోసారస్ లాంటి మహాకాయుల కాలంలో ఈ జంతువు మూతి నుంచి తోక దాకా 65 నుంచి 75 సెంటీమీటర్లు. బరువు కిలో లోపే, అంటే మన నాటుకోడి దాన్ని తూకంలో ఓడిస్తుంది. పిల్ల అని కొట్టిపారేయడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. కానీ ఎముక కోసి చూస్తే పెద్దదానికి ఐదో ఏడు నడుస్తోంది, పెరుగుదల దాదాపు ముగిసింది. మీ అమ్మాయికి చెప్పాల్సిన సూటి జవాబు ఇదే: చిన్న ఎముక అయినంత మాత్రాన పిల్లదీ కాదు, చిన్న జాతిదీ కాదు. ఎముక లోపలి గీతలు చెప్పాలి.

"ఆకులే తినేవని ఎలా తెలుసు?" అని ఆమె అడగలేదు గానీ రేపు అడుగుతుంది. పళ్ళే మొదటి సాక్ష్యం. మాంసాహారి పన్ను అంచున గంట్లు చాలా సన్నగా, కొడవలికి కక్కు కొట్టించినట్టు ఉంటాయి. శాకాహారి పన్ను పొట్టిగా, ఆకు ఆకారంలో ఉండి, దాని అంచు వేపాకు అంచులా పెద్ద పెద్ద రంపపు మొనలతో ఉంటుంది. మాంసం కొయ్యడానికి సన్న కక్కు, ఆకు చింపడానికి ముతక రంపం. దీనికి తోడు పన్ను మీద అరిగిన చదును చూస్తాం. పై పన్ను, కింది పన్ను ఒరుసుకుంటేనే ఆ చదును వస్తుంది. దక్షిణాఫ్రికాలో దొరికిన, సుమారు 20 కోట్ల ఏళ్ళ నాటి హెటెరోడోంటోసారస్ బుగ్గపళ్ళలో ఇది చక్కగా కనిపిస్తుంది. తమాషా ఏంటంటే దానికి ముందువైపు కోరలు కూడా ఉన్నాయి. కోరలు చూసి మాంసాహారి అనేయకండి, కస్తూరి జింకకీ కోరలుంటాయి.

పళ్ళు కాక, ఇగ్వానోడాన్, హిప్సిలోఫోడాన్ లాంటివాటి వంశం మొత్తానికి ఒక ముద్ర ఉంది. కింది దవడ రెండు సగాలూ కలిసే కొసన అదనంగా ఒక చిన్న ఎముక ఉంటుంది, ముక్కుకి ఆధారంగా. నడుము దగ్గర పొత్తికడుపు ఎముక వెనక్కి తిరిగి ఉంటుంది, దాంతో పేగులకి చోటు దొరుకుతుంది. ఆకు అరగాలంటే పొడుగు పేగు కావాలి. మేక పొట్ట, కుక్క పొట్ట పక్కపక్కన చూస్తే ఈ మాట నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆకు ఆకారపు పన్ను దొరకగానే డైనోసార్ అని ఎగిరి గంతేయకూడదు. 1989లో అమెరికాలోని న్యూ మెక్సికో నుంచి దొరికిన పళ్ళకి రెవుల్టోసారస్ అని పేరు పెట్టారు. ట్రయాసిక్ కాలపు, అంటే డైనోసార్లు మొదట పుట్టిన కాలపు, శాకాహార డైనోసార్ దొరికిందని అందరూ సంబరపడ్డారు. తర్వాత అరిజోనా పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో అవే పళ్ళున్న అస్థిపంజరాలు బయటపడ్డాయి. 2005లో విలియం పార్కర్ బృందం దాన్ని వర్ణించేసరికి అది డైనోసారే కాదు, మొసళ్ళ వైపు చుట్టం! ఆ ఒక్క దెబ్బకి పళ్ళ ఆధారంగా మాత్రమే నిలబడ్డ ట్రయాసిక్ శాకాహారులన్నిటి మీదా అనుమానం పడింది. అప్పటినుంచి ఒంటరి పన్ను దొరికితే నోరు అదుపులో పెట్టుకుంటున్నాను.

కడుపులో రాళ్ళు ఇంకా దగ్గరి సాక్ష్యం. మంగోలియా, చైనాల్లో విరివిగా దొరికే సిట్టకోసారస్‌కి చిలక ముక్కు లాంటి ముక్కు ఉంది, 1923లో హెన్రీ ఆస్బర్న్ పెట్టిన పేరుకి అర్థం కూడా చిలక బల్లి అనే. దాని పక్కటెముకల మధ్య నునుపైన గులకరాళ్ళు కుప్పగా దొరికాయి. కోడి కందనకాయ కోసినవాళ్ళెవరికైనా అదేంటో తెలుసు: మింగిన రాళ్ళే తిరగలి. ఏటిలో కొట్టుకొచ్చిన రాళ్ళేమో అనే అనుమానం రావాలి, వస్తుంది కూడా. రాళ్ళు శవం చుట్టూ చెల్లాచెదురుగా ఉంటే నేనూ నమ్మను. పక్కటెముకల లోపల మాత్రమే, ఒక్కచోట ముద్దగా ఉంటేనే లెక్క. సిట్టకోసారస్ గురించి ఇంకో ముచ్చట: రెపెనోమామస్ అనే, పందికొక్కుని తలదన్నే క్షీరదం పొట్టలో దీని పిల్ల ఎముకలు దొరికాయని 2005లో బయటపెట్టారు. డైనోసార్ కాళ్ళ కింద ఎలకల్లా నక్కిన క్షీరదాల కథ మీ పాఠంలో ఉంటే, దాని పక్కన ఇది కూడా చెప్పండి.

ఇప్పుడు బొరియ. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో సుమారు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ళ నాటి బురదరాయి పొరలు. ఆ బురదరాయిని అడ్డంగా కోసుకుంటూ ఇసుకరాయి కడ్డీ ఒకటి ఏటవాలుగా కిందికి దిగింది. ఒకచోట ఇటు తిరిగి, ఇంకోచోట అటు తిరిగి, చివర్లో గదిలా వెడల్పయింది. మొత్తం రెండు మీటర్లకు పైనే. బొరియ తవ్విన నేల ఒకటి, తర్వాత వరద తెచ్చి నింపిన ఇసుక ఇంకొకటి, అందుకే రంగు, గరుకు వేరుగా ఉండి ఆకారం అచ్చు పోసినట్టు మిగిలింది. ఆ గదిలో ఒక పెద్ద జంతువు, దానిలో సగానికి కాస్త పైన పెరిగిన రెండు పిల్లలు, ఎముకలు కలగలిసి ఉన్నాయి. 2007లో డేవిడ్ వారికియో బృందం దీనికి ఓరిక్టోడ్రోమియస్ అని పేరు పెట్టింది, తవ్వే పరుగుగాడు అని అర్థం. పెద్దది సుమారు రెండు మీటర్లు, అందులోనూ తోకే ఎక్కువ. భుజం ఎముక బలంగా, మూతి వెడల్పుగా, మట్టి తోయడానికి పనికొచ్చేలా ఉంది. కాళ్ళు మాత్రం పరిగెత్తేవాటివే. సొరంగం వెడల్పు ఆ పెద్దదాని ఒళ్ళు పట్టేంత మాత్రమే. ఎవరో తవ్విన బొరియలోకి వరదలో కొట్టుకుపోయాయేమో అని వాదించొచ్చు. కానీ కొలత సరిపోవడం, ఒకే జాతి తల్లో తండ్రో పిల్లలతో ఉండటం, తవ్వే ఎముకలు ఉండటం, మూడూ ఒకేచోట కలిశాయి. నాకు ఆ వాదన నిలబడేలా కనిపించదు. పిల్లలు సగం పెరిగినా పెద్దదాని దగ్గరే ఉన్నాయంటే చాలాకాలం సాకేవన్నమాట.

ఇన్ని ఉంటే మ్యూజియంలో ఎందుకు కనపడవు అని కదా మూడో ప్రశ్న. కెనడాలోని ఆల్బర్టాలో డైనోసార్ పార్క్ పొరలున్నాయి, పాత నదుల ఇసుక, బురద. వందేళ్ళుగా తవ్వుతున్నారు. కేలెబ్ బ్రౌన్ బృందం అక్కడి జాతుల్ని బరువు ప్రకారం పేర్చి చూస్తే, సుమారు 60 కిలోలకి మించినవి చాలావరకు పూర్తి అస్థిపంజరాలుగా దొరికాయి. ఆ లోపువి ముక్కలు ముక్కలుగా, అవీ చాలా ఆలస్యంగా బయటపడ్డాయి. కారణం మన పొలంగట్టున చూడొచ్చు. చచ్చిన గేదె ఎముకలు ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. చచ్చిన కోడిని కుక్కలు రాత్రికి రాత్రే మాయం చేస్తాయి, మిగిలింది వానకి కొట్టుకుపోతుంది. 2013లో అదే ఆల్బర్టా నుంచి ఆల్బర్టాడ్రోమియస్ అనే పదహారు కిలోల శాకాహారికి పేరు పెడితే, చేతిలో ఉన్నవి కాలి ఎముకలు కొన్ని, ఇంకొన్ని ముక్కలే. అదే ఏడాది పేరు పెట్టిన ఆక్రోథోలస్‌కి నడినెత్తిన గట్టి ఎముక గుమ్మటం ఉండేది. మిగతా ఒళ్ళంతా పోయినా ఆ నెత్తి మాత్రం రాయిలా మిగిలింది. అలాంటి టోపీ లేని చిన్నవాటికి ఆ అదృష్టం లేదు.

రెండో కారణం మన మనుషులమే. మ్యూజియానికి జనం వచ్చేది పెద్దవాటి కోసం. 1891లో వయోమింగ్‌లో జాన్ బెల్ హాచర్ వాళ్ళు తవ్విన ఒక మధ్యరకం శాకాహారి దాదాపు పూర్తి అస్థిపంజరం వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరి, రెండు దశాబ్దాలు పెట్టె కూడా విప్పకుండా పడి ఉంది. 1913లో చార్ల్స్ గిల్మోర్ విప్పి చూసి దానికి థెస్కెలోసారస్ నెగ్లెక్టస్ అని పేరు పెట్టాడు. నెగ్లెక్టస్ అంటే పట్టించుకోనిది. పేరులోనే తప్పు ఒప్పుకున్నాడు, మంచివాడు.

మన గడ్డ మీదికి వస్తాను. మీరు చూసిన కోటసారస్ పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. అవి కోట పొరలు, ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే ఊరి పేరు మీద. జురాసిక్ కాలానివి, అందులో మొదటి భాగమా నడిమి భాగమా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. కోల్‌కతాలో నిలబెట్టిన బారపాసారస్ కూడా ఈ పొరలదే. రెండూ పెద్ద ప్రాణులే. కానీ అవే పొరల మట్టిని జల్లెడ పట్టిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, వరుణ్ పర్మార్ 2020లో అందులోంచి చిన్న శాకాహార డైనోసార్ల పళ్ళని, మాంసాహారుల పళ్ళతో పాటు ప్రచురించారు. కాబట్టి కోటసారస్ కాళ్ళ దగ్గర చిన్నవి తిరిగేవి. మ్యూజియంలో వాటిని నిలబెట్టడానికి మన దగ్గర ఉన్నవి పళ్ళు మాత్రమే.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తే పిల్లలకి నచ్చుతుంది. బంకమట్టిని బస్తాల్లో తెచ్చి, బాగా ఎండబెట్టి, నీళ్ళలో నానేస్తాం. లొంగని మట్టికి ముందు కిరోసిన్ పడుతుంది. కరిగాక ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడల్లో కడుగుతాం. కింది జల్లెడ కన్ను అర మిల్లీమీటరు. బస్తా మట్టి కడిగితే పిడికెడు ఇసుక మిగులుతుంది. దాన్ని ఎండబెట్టి, సూక్ష్మదర్శిని కింద గింజ గింజ చూసి, తడిపిన సన్న కుంచె కొసతో పన్ను ఏరాలి. చేప పొలుసులు, చేప పళ్ళే ఎక్కువ వస్తాయి. వారం రోజులకి ఒక రంపపు అంచు మెరిస్తే ఆ రోజు టీ ఖర్చు నాదే. ఒకసారి రెండు మిల్లీమీటర్ల మంచి పన్ను ఒకటి పళ్ళెంలో పెట్టి తిరిగేలోపు, కొత్తగా చేరిన కుర్రాడు ఉక్కపోతగా ఉందని ఫ్యాన్ వేశాడు. ఆ గదిని మూడు రోజులు ఊడ్చాం, ఊడ్చిన దుమ్ముని మళ్ళీ జల్లెడ పట్టాం. పన్ను దొరకలేదు. కోట్ల ఏళ్ళు భద్రంగా ఉన్నది ఒక్క స్విచ్‌తో పోయింది. అప్పటినుంచి మా గదిలో ఫ్యాన్ రెక్కలే లేవు.

క్లాసులో చూపించడానికి ఏమైనా ఉందా అని చివర్లో అడిగారు. ఒక వేపాకు, ఒక కక్కు కొడవలి పట్టుకెళ్ళండి, అంచుల మీద భూతద్దం పెట్టించండి. చికెన్ కొట్టువాణ్ణి అడిగితే కడగని కందనకాయ ఇస్తాడు. నాటుకోడిదే అడగండి, ఫారం కోడి దాంట్లో రాళ్ళు దొరక్కపోవచ్చు. పిల్లల ముందే కోసి, ఆ రాళ్ళు కడిగి ఆరబెట్టి, ఏటి ఒడ్డున ఏరిన రాళ్ళతో కలిపి, ఏవి ఎక్కడివో మీ అమ్మాయిని వేరు చేయమనండి.